మందుల చీటీ, డ్యూటీ చార్టు

చక్కెర వ్యాధిని గురించి సంఘ పత్రికలో వ్రాయటమేమిటని కొందరు మిత్రులు అడగవచ్చును. కరవు భత్యం, ఖాళీల భర్తీ, పెన్షను, ఇవి గదా మన సమస్యలు. తిండి, నడక, మాత్రలు ఎవరికి వారు చూచుకోవలసిన సొంత విషయాలు గదా అనే అభిప్రాయం మనలో బలంగానే ఉన్నది. ఈ అభిప్రాయంతో మేము ఏకీభవించలేకున్నాము.

భారత వైద్య పరిశోధనా మండలి సహకారంతో జరిగి 2023లో ప్రకటితమైన సర్వే ననుసరించి దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి మధుమేహం ఉన్నది. మరి 13 కోట్ల 60 లక్షల మంది దాని వాకిట నిలిచి ఉన్నారు. వీరిలో మన రైల్వే, తపాలా ఉద్యోగులు లేకుండా పోరు. రాత్రి డ్యూటీలకు ఈ వ్యాధితో సంబంధం ఉన్నదని కూడా తేలినది. అమెరికాలో నర్సులను దీర్ఘకాలం పరిశీలించి 2011లో వెలువరించిన అధ్యయనంలో, మార్చి మార్చి రాత్రి డ్యూటీలు చేసిన సంవత్సరాలు పెరిగిన కొద్దీ వ్యాధి అవకాశం కూడా పెరిగినట్లు కనిపించినది. నర్సుకు వర్తించినది ఆర్.ఎం.ఎస్. సార్టరుకు, కాబిన్‌మన్‌కు, గూడ్సు గార్డుకు వర్తించదని అనుకోవటానికి మాకు కారణం కనబడదు.

డాక్టరు చెప్పేది క్లుప్తంగా ఉంటుంది. వేళకు మితంగా తినండి, రోజూ అరగంట నడవండి, మాత్ర మానకండి. మూడూ సత్యాలే. 1998లో ఫలితాలు వెల్లడించిన బ్రిటన్ దేశపు దీర్ఘకాల పరిశోధన, చక్కెరను అదుపులో ఉంచుకున్నవారిలో కండ్లకు, మూత్రపిండాలకు కలిగే హాని తగ్గుతుందని నిరూపించినది. మా వాదం డాక్టరుతో కాదు. ఆ మొదటి మాటలోని “వేళ” ఎవరి చేతిలో ఉన్నదన్నదే మా ప్రశ్న. తెల్లవారుజామున 2 గంటలకు కాల్ వచ్చి బయలుదేరే లోకో పైలట్‌కు ఉదయపు ఫలహారం ఎక్కడ, ఏ గంటకు దొరుకుతుందో ఆయనకే తెలియదు.

ఇది కేవలం అసౌకర్యమైతే ఇంతగా చెప్పవలసిన పని లేదు. గ్లిమిపిరైడ్, గ్లైబెన్‌క్లమైడ్ వంటి మాత్రలు మనం తిన్నా, తినకపోయినా క్లోమగ్రంథిచేత ఇన్సులిన్‌ను స్రవింపజేస్తవి. ఉదయం 7 గంటలకు అటువంటి మాత్ర వేసుకొని, సిగ్నలు వెంట సిగ్నలు చూచుకుంటూ మధ్యాహ్నం 2 గంటల వరకు టిఫిను డబ్బా మూత తీయలేని మనిషిని ఊహించండి. రక్తంలో చక్కెర డెసిలీటరుకు 70 మిల్లీగ్రాముల దిగువకు పడిపోతే చెమటలు పోస్తవి, చేతులు వణకుతవి, గుండె దడదడలాడుతుంది. ఇంకా పడితే బుద్ధి తికమకపడుతుంది. ఆ స్థితిలో చేతిలో ఉన్నది బ్రేకు హాండిలు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడేవారికి ఈ ప్రమాదం అరుదు. కనుక మాత్ర వ్రాసే డాక్టరుకు మన డ్యూటీ స్వభావం తెలిసి తీరాలి. ఆయన అడగకపోతే మనమే చెప్పాలి. ఈ మాత్రలు గాని, ఇన్సులిన్ గాని వాడేవారు జేబులో మూడు చెంచాల గ్లూకోజు పొడి పొట్లం లేకుండా డ్యూటీ ఎక్కరాదు. లక్షణాలు కనిపించగానే నీటిలో కలుపుకొని త్రాగి, 15 నిమిషాలకు తగ్గకపోతే మరల త్రాగి, ఆపై ఏదైనా తినాలి. పక్కనున్న సహచరునికి ఈ సంగతి ముందే చెప్పి ఉంచుట మేలు.

కొత్త మందుల కథ ఇంకొక తీరు. ఎంపాగ్లిఫ్లోజిన్ మంచి మందు. గుండెకు, మూత్రపిండాలకు మేలు చేస్తుంది. 2025 మార్చిలో దాని పేటెంటు ముగియటంతో ధర కూడా దిగివచ్చినది. అయితే అది పనిచేసే విధానమే అధిక చక్కెరను మూత్రం ద్వారా పంపివేయటం. మరుగుదొడ్డి లేని ఇంజనులో పనిచేసే మనిషికి దాని అర్థమేమిటో వేరే చెప్పనక్కరలేదు. నీళ్లు త్రాగటం మానుకొని డ్యూటీ చేసేవారు ఎందరో ఉన్నారు, మహిళా లోకో పైలట్లు మరీను. ఈ మందు వాడుతూ నీళ్లు మానటం ప్రమాదకరం. రన్నింగ్ సిబ్బందికి భోజనానికి, కాలకృత్యాలకు విరామాన్ని నియమబద్ధం చేయటం ఆచరణసాధ్యం కాదని 2025 ఏప్రిల్‌లో రైల్వే బోర్డు తేల్చివేసినది. ఒకవైపు రైల్వే ఆసుపత్రి వేళకు తినమని చీటీ వ్రాస్తుంది, మరొకవైపు బోర్డు వేళే లేదంటుంది. రెండూ ఒకే యాజమాన్యపు మాటలు.

తిండి విషయంలో మన చేతిలో ఉన్నది లేకపోలేదు. పళ్లెంలో అన్నం సగానికి తగ్గించి పప్పు, ఆకుకూర, మజ్జిగ పెంచుకొనవచ్చును. జొన్నరొట్టె మంచిదే. కాని చిరుధాన్యమని చెప్పి రెండు గ్లాసుల రాగిజావ పట్టించేవారు గమనించాలి. పలుచని జావ చక్కెరను త్వరగానే పెంచుతుంది. ఇక టీ. గ్లాసుకు రెండు చెంచాల పంచదార చొప్పున రోజుకు ఆరు టీలు త్రాగితే 50 గ్రాములు దాటినట్లే. పంచదార విడిగా ఇచ్చే పద్ధతి ప్రతి కాంటీనులోను, రన్నింగ్ రూములోను ప్రవేశపెట్టడానికి బోర్డు ఉత్తర్వు కూడా అవసరం లేదు.

వ్యాయామం సంగతి కౌంటరు మీద రోజంతా కూర్చునే తపాలా సహాయకులకు, టికెట్ క్లర్కులకు ముఖ్యం. వారానికి 150 నిమిషాల చురుకైన నడక చాలును. ట్రాక్ మెయింటెయినర్లకు నడక కొరత లేదు. వారి ప్రమాదం పాదాలలో ఉన్నది. చక్కెర అదుపు తప్పిన కొన్నేళ్లకు పాదాలు మొద్దుబారుతవి. బూటులో చేరిన కంకరరాయి గుచ్చుకున్నా తెలియదు. చిన్న పుండు వ్రేలు తీసేవరకు పోవచ్చు. రోజూ రాత్రి పాదాలు కడిగి, తుడిచి, అరికాళ్లు అద్దంలో చూచుకోవాలి. కొలతకు సరిపోని బూట్లు సరఫరా అయినప్పుడు తీసుకోక తిప్పి పంపండి. ఇది సంఘం తరఫున మేమిస్తున్న సలహా.

ఇక అందరికీ తెలిసినా ఎవరూ పైకి అనని మాట ఒకటి ఉన్నది. మనవారు వ్యాధిని దాచిపెడుతున్నారు. కేటగిరీ తగ్గిస్తారని, రన్నింగ్ అలవెన్సు పోతుందని భయం. బయట రహస్యంగా మాత్రలు కొనుక్కొని, వైద్య పరీక్షకు ముందు రెండు రోజులు పస్తుండి వెళ్లేవారున్నారు. మూడు నెలల సగటు చూపే హెచ్‌బిఎ1సి పరీక్ష ముందు ఆ పస్తు నిలవదు. 1995 చట్టం 47వ సెక్షను, దాని స్థానంలో వచ్చిన 2016 వికలాంగుల హక్కుల చట్టం 20వ సెక్షను, సర్వీసులో ఉండగా వైకల్యం పొందిన ఉద్యోగిని తొలగించరాదని, హోదా తగ్గించరాదని చెబుతున్నవి. కాని చక్కెర వ్యాధి తనంతట తాను వైకల్యం కాదు. చూపో, కాలో పోయిన తర్వాత లభించే రక్షణ, అవి పోకముందే నిజం చెప్పిన ఉద్యోగికి ఎందుకు లభించరాదు? వ్యాధిని వెల్లడించినవారికి వేతన నష్టం లేకుండా కొంతకాలం స్థిరమైన డ్యూటీ ఇస్తే దాపరికం దానంతటదే తగ్గుతుందని మా దృఢాభిప్రాయం. ప్రయాణికుల భద్రతకు కూడా అదే మార్గం.

గ్రామీణ డాక్ సేవకుల స్థితి వీరందరికంటె హీనం. రైల్వే ఉద్యోగికి తన ఆసుపత్రి ఉన్నది. ఎండలో సైకిలు మీద ఉత్తరాలు పంచే సేవకునికి వైద్య సదుపాయం కావాలన్న కోర్కె ఏళ్ల తరబడి కాగితాల మీదనే ఉన్నది. ఇన్సులిన్ వాడేవారికి ఇంట ఫ్రిజ్ లేకపోతే, సీసాను ప్లాస్టిక్ డబ్బాలో మూసి తడి మట్టికుండలో ఉంచవచ్చును. ఇది ఫ్రిజ్‌కు సాటి రాదు గాని, వేసవిలో గది వేడికంటె నయం.

ప్రతి బ్రాంచి కార్యదర్శి తన పరిధిలో భోజన విరామం లేని డ్యూటీలు, మంచినీరు, మరుగుదొడ్డి లేని పని స్థలాలు ఏవేవో జాబితా వ్రాసి కేంద్ర కార్యాలయానికి పంపవలసినదిగా కోరుతున్నాము. అందులో వ్యాధిగ్రస్తుల పేర్లు వ్రాయవద్దు. డ్యూటీ నెంబర్లు, గంటలు చాలును. వాటిని జాయింట్ కన్సల్టేటివ్ మెషినరీ రాబోయే సమావేశపు అజెండాలో చేర్చటానికి మేము నోటీసు సిద్ధం చేస్తున్నాము.