క్రియ లేకపోతే తప్పా?

మా అమ్మాయి ఐదో తరగతి. తెలుగు నోటుబుక్కులో 'దూరపు కొండలు నునుపు' అని రాస్తే కింద ఎర్ర గీత పడింది. పక్కనే 'వాక్యం పూర్తి చేయవలెను' అని. అరమార్కు కోత. 'క్రియ లేదంట నాన్నా' అంది బిక్కమొహం వేసుకుని. 'నునుపుగా ఉంటాయి' అంటే సరిపోయేదట. ఒకసారి అలా అని చూడండి... సామెత కాస్తా సాంఘికశాస్త్రం పాఠమైపోలేదూ!

'ఆయన మా మావయ్య' అంటాం. అందులో క్రియ ఏదీ? అయినా నిండు వాక్యమే. ఈ వెసులుబాటును సామెతలు బాగా వాడుకున్నాయి. 'కాకిపిల్ల కాకికి ముద్దు', 'అత్త సొమ్ము అల్లుడు దానం'... ఎక్కడో ఉన్న ఉజ్బెకిస్థాన్‌లోనూ ఇదే వరస. 'మెహ్నత్‌నింగ్ తగి రోహత్' అంటారు వాళ్లు. మెహనత్, రాహత్ మనం విన్న మాటలే. కష్టం అడుగున సుఖం అని అర్థం. క్రియ అక్కడా లేదు.

క్రియ ఉన్నా దాని చోటు మారిపోతుంటుంది. 'ఉత్తర చూసి ఎత్తర గంప' సంగతే చూడండి. మామూలుగా అయితే 'గంప ఎత్తరా' అనాలి. గంపను చివరికి నెట్టేసరికి ఉత్తర, ఎత్తర జోడీ కుదిరాయి. ఉత్తర కార్తె వచ్చేది సెప్టెంబరు 13 ప్రాంతంలో. అప్పటికీ వాన పడకపోతే పంట మీద ఆశ వదులుకుని, గంప నెత్తిన పెట్టుకుని ఊరు విడవమని. తమాషా ఏమిటంటే 'వాన పడకపోతే' అన్న అసలు ముక్క అందులో లేనే లేదు. రైతుకు అది వేరే చెప్పాలా? పైగా ఆ 'ర' ఒకటి... కన్నకొడుకుతో అన్నట్టు.

బెజవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట 1855లో పూర్తయింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. కాలవ నీళ్లు తాగిన డెల్టాలో ఈ సామెతతో పనేముంది అనుకుంటాం. మా తాతది అవనిగడ్డ వైపు, కాలవ చిట్టచివరి పొలం. నీళ్లు అందని ఏడు అరుగు మీద కూర్చుని 'ఉత్తర చూసి...' అని ఆపేసేవాడు. మిగతా సగం నాయనమ్మకు తెలుసు. లోపలికి వెళ్లిపోయేది. గంప అన్న మాట ఆమె ముందు ఆయన ఎన్నడూ అనలేదు.

ఇదంతా విన్నాక మా అమ్మాయి నోటుబుక్కు తీసి, దిద్దుబాటులో రాసుకున్న 'ఉంటాయి'ని కొట్టేసింది. సోమవారం టీచరేమంటారో చూడాలి.