మ్యాన్‌హోల్ గాలిని ఎవరి ఊపిరితో పరీక్షిస్తున్నారు?

మ్యాన్‌హోల్ మూత తీశాక లోపలి గాలి ఎలా ఉందో తెలుసుకోవడానికి మన నగరాల్లో ఇప్పటికీ చాలాచోట్ల వాడుతున్న పరికరం మనిషే. అతను దిగుతాడు. పిలిస్తే పలకకపోతే తీయడానికి ఇంకొకరు దిగుతారు. ఎక్కువసార్లు ఇద్దరూ దళితులే.

ఆ గాలిని చదవడం సైన్సుకు చేతకాని పనా? 1979లోనే స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు సిలికాన్ పలక మీద సన్నని మెలికల కాలువ చెక్కి గ్యాస్ క్రొమటోగ్రాఫ్ తయారుచేశారు. అందులోకి పంపిన మిశ్రమంలోని వాయువులు వేర్వేరు వేగాలతో ప్రయాణించి, ఒకదాని తర్వాత ఒకటి బయటికొస్తాయి. చివర ఉన్న డిటెక్టర్ వాటిని పట్టుకుంటుంది. 1990లో ఆండ్రియాస్ మాంజ్ బృందం విశ్లేషణ మొత్తాన్నీ చిన్న పరికరంలోకి కుదించాలని ప్రతిపాదించింది. ఇవాళ మనం 'ల్యాబ్ ఆన్ ఎ చిప్' అని చదువుకునేది దాని కొనసాగింపే. 2012లో అంగారకుడిపై దిగిన క్యూరియాసిటీ రోవర్ కడుపులోనూ గ్యాస్ క్రొమటోగ్రాఫ్ ఉంది. మనిషే లేని గ్రహం గాలికి జరిగే పరీక్ష, మనిషి దిగే గుంతలోని గాలికి జరగదు!

మురుగులో పుట్టే హైడ్రోజన్ సల్ఫైడ్ మోసకారి. తక్కువ మోతాదులో కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది. సుమారు 100 పీపీఎం దాటితే ముక్కే మొద్దుబారి ఆ వాసన తెలియదు. 700 దాటాక మనిషి నిమిషాల్లోనే, ఒక్కోసారి ఒకటి రెండు శ్వాసల్లోనే కుప్పకూలతాడు. 'వాసన లేదులే, దిగు' అనే మేస్త్రి మాట ఎంత ప్రమాదమో చూడండి. అగ్గిపుల్ల గీసి చూసే పద్ధతి ఈ విషాన్ని పట్టుకోలేదు, పైగా మీథేన్ ఉంటే పేలుతుంది.

నిజానికి దీనికి సిలికాన్ కాలువ కూడా అక్కర్లేదు. నాలుగు వాయువులను చూపే చేతి మీటరు చాలు. 2013 చట్టం కింద రూపొందిన నిబంధనల్లో, రక్షణ పరికరాల జాబితాలో గ్యాస్ మానిటర్ పేరు ఉంది. మురుగుకాలువ మరణానికి సుప్రీంకోర్టు 2014లో 10 లక్షలు, 2023లో 30 లక్షల పరిహారం ఇవ్వాలంది. మీటరు ధర అందులో ఏపాటి?

అయినా నాకొక భయం ఉంది. రక్షణ పరికరాలు లేకుండా దించడాన్నే ఆ చట్టం 'ప్రమాదకర శుభ్రత' అని నిర్వచించింది. అంటే జేబులో మీటరు పెడితే దించడానికి దారి దొరుకుతుంది. పైగా బురదను కదిపినప్పుడే వాయువు ఒక్కసారిగా ఎగతన్నుతుంది. పైనుంచి చూసిన అంకె అప్పటికి చెల్లదు.

మైక్రోఫ్లూయిడిక్స్‌లో పరిశోధన చేస్తున్న మన విద్యార్థులు రక్తంతో, చెమటతో పాటు మురుగు గాలిని కూడా నమూనాగా తీసుకోవాలి. తయారైన సెన్సర్‌ను కార్మికుడి చొక్కాకు తగిలించకుండా, మురుగు తోడే యంత్రం గొట్టానికి బిగించేలా డిజైన్ చేయాలి.