అరకు తోటలకు విచ్ హేజెల్ కన్న ధాతకి మేలు

అరకు చలిని చూసి శీతల దేశాల పూలపొదలన్నీ ఇక్కడ ఒదుగుతాయని భావించడం తొందరపాటు. ఉత్తర అమెరికా అడవులకు చెందిన విచ్ హేజెల్‌కు దీర్ఘమైన శీతకాలపు విశ్రాంతి అవసరం. సముద్రమట్టానికి సుమారు 900 మీటర్ల ఎత్తున ఉన్న అరకులో రాత్రులు చల్లనివే గాని, పగటి ఎండ ఆ విశ్రాంతిని సాగనీయదు.

బోసి కొమ్మలపై పూయడం, వగరు గుణం కలిగి ఉండటం విచ్ హేజెల్‌కు పేరు తెచ్చాయి. ఈ రెండూ తూర్పు కనుమల రాతి వాలులలో సహజంగా పెరిగే ధాతకిలోనూ ఉన్నాయి. గోరింట కుటుంబానికి చెందిన ఈ పొద చలికాలం చివర ఆకులు పలచబడి, ఎర్రని పూలతో నిండుతుంది. ఆయుర్వేదంలో ఆసవాలను, అరిష్టాలను పులియబెట్టడానికి వాడేది ఈ పూలనే. అయితే కొండపై పూలన్నింటినీ దూసివేస్తే విత్తనం మిగలదు. కొమ్మలతో సహా నరికితే మరుసటి ఏడు పూత కూడా తగ్గుతుంది. పెరటి పెంపకాన్ని ప్రోత్సహించవలసినది అందుకే, అలంకరణ కోసం మాత్రమే కాదు.

పెంపకం కష్టమైనది కాదు. విత్తనం ధూళివలె సన్ననిది కనుక ఇసుకతో కలిపి నారుమడిపై చల్లాలి, మట్టి కప్పరాదు. నీరు నిలిచే చోటు పనికిరాదు. కత్తిరింపు పూత ముగిశాక, తొలకరికి ముందే జరగాలి. వానలు వెనుకపట్టాక కత్తెర వేస్తే ఆ ఏటి పూత పోయినట్లే.

కాఫీ, మిరియం, సిల్వర్ ఓక్ నారు పెంచే నర్సరీలలో ధాతకికి ఒక మడి కేటాయించడం భారం కాబోదు. ఎంత పూత కోసినా పొద తట్టుకోగలదో తేల్చే పరిశీలనకు చింతపల్లి ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం తగిన చోటు. ఒక స్నాతకోత్తర విద్యార్థికి రెండు పూతకాలాలు చాలు.