పాయింటు వెయ్యని వాడ

నాచారంలో ఒక అద్దె గది. గోడకు బాబాసాహెబ్ పటం, దాని కింద ఒక కంప్యూటరు. ఒకప్పుడు నా దగ్గర ఎనిమిదో తరగతి లెక్కలు నేర్చుకున్న పిల్లగాడు ఇవాళ రోడ్ల డిజైన్లు గీసే ఆఫీసులో కొలువు చేస్తున్నాడు. వాళ్ళింట్లో పదో తరగతి దాటినవాడు వాడే మొదలు. "సార్, మన దిక్కు పడే రోడ్డు చూస్తరా?" అని తెర మీద చూపించాడు.

తెర మీద భూమి చేపల వల పరిచినట్టు ఉంది. అన్నీ త్రికోణాలే. మిట్టలు ఎర్రగా, పల్లాలు నీలంగా. "మన వాడ ఏదిరా?" అని అడిగాను. వేలు పెట్టి చూపించాడు. ఊళ్ళో పెద్ద బంగళాల దగ్గర, మామిడి తోటల దగ్గర చిన్న చిన్న త్రికోణాలు వందలున్నాయి. మన వాడ దగ్గర మాత్రం మూడో నాలుగో పెద్ద త్రికోణాలు. "గక్కడ పాయింట్లు తక్కువేసిండ్రు సార్. సర్వేకు పోయినోళ్ళు వాడలకు పోలె." మరి వాడ వెనక మన బొందల గడ్డ? వాడు తలకాయ దించుకున్నాడు. "అది ఖాళీ జాగ అని ఉంది సార్."

మన తాతల ఎముకలున్న చోటు కంప్యూటరులో ఖాళీ జాగ! ఈ పక్షం మనం మాట్లాడుకోవలసింది ఆ ఖాళీ గురించే.

ముందు ఈ పని ఎట్లా జరుగుతుందో తెలుసుకుందాం. తెలియని దానితో కొట్లాడలేం. సర్వేవాళ్ళు మూడు కాళ్ళ స్టాండు మీద ఒక యంత్రం పెడతారు. దాన్ని టోటల్ స్టేషన్ అంటారు. ఇంకొకడు అద్దం బిగించిన కర్ర పట్టుకుని పొలం గట్టు మీద, కాలువ అంచున, ఇంటి మూల నిలబడతాడు. కర్ర నిలబెట్టిన ప్రతి చోటుకూ మూడు లెక్కలు వస్తాయి. తూర్పుకు ఎంత, ఉత్తరానికి ఎంత, ఎత్తు ఎంత. అదే ఒక పాయింటు. ఇప్పుడు డ్రోన్లు కూడా వచ్చాయి. ఈ పాయింట్లను సివిల్ త్రీడీ, ఎంఎక్స్ రోడ్, ఓపెన్ రోడ్స్ వంటి సాఫ్ట్‌వేర్లలో పోస్తే పక్కపక్క పాయింట్లను కలిపి త్రికోణాలు అల్లి నేల ఆకారం తయారుచేస్తాయి. ఇంజనీరు దాని మీద రోడ్డు గీత గీస్తాడు. ఎక్కడ ఎంత తవ్వాలి, ఎక్కడ ఎంత మట్టి పొయ్యాలి, ఎన్ని ఎకరాలు కావాలి, అన్నీ నిమిషాల్లో తేలతాయి.

అయితే ఇక్కడే కిటుకు ఉంది. రెండు పాయింట్ల నడుమ ఏముందో కంప్యూటరుకు తెలియదు. నడుమ పాయింటు లేకపోతే ఈ చివర నుంచి ఆ చివరకు చదునుగా గీత లాగేస్తుంది. మధ్యలో వాగు ఉన్నా లేదనే అనుకుంటుంది. గట్టు అంచును, కాలువ అంచును విడిగా గీత గీసి చెప్పకపోతే గట్టును కూడా చదును చేసేస్తుంది. యంత్రానికి కులం లేదు, నిజమే. కానీ కర్ర పట్టుకున్న చెయ్యి ఏ గడప దాకా పోయింది, ఏ గడప ముందు ఆగింది అన్నదానికి కులం ఉంది.

ఈ కొలతల చరిత్రకూ మన ఉప్పల్‌కూ చుట్టరికం ఉంది. సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ ఇక్కడే ఉంది. దేశం నలుమూలల నుంచి సర్వేయర్లు వచ్చి చదువుకునే చోటు అది. భూమి లోపలి సంగతులు చూసే ఎన్‌జీఆర్‌ఐ 1961 నుంచి ఉంది, ఇదే ఉప్పల్ రోడ్డులో. 1802లో మద్రాసు దగ్గర లాంబ్టన్ దొర మొదలుపెట్టిన మహా త్రికోణ సర్వే కూడా త్రికోణాల పనే. ఆయన యంత్రం బరువు అర టన్ను. దాన్ని కొండలెక్కించిన దొర పేరు పుస్తకాల్లో ఉంది. మోసిన భుజాల పేర్లు లేవు. రెండు వందల ఏళ్ళు దాటినా ఆ లెక్క మారలేదు. గొలుసు పట్టినవాడు మనవాడు, రాయి పాతినవాడు మనవాడు, ఎండలో తట్టలు మోసింది వడ్డెరలు, పాలమూరు లేబరు. గీత గీసిన చెయ్యి మాత్రం వేరు.

"కంప్యూటరు చెప్పింది, మార్చలేం" అని ఆఫీసర్లు అంటారు. ఇందులో సగం నిజం ఉంది. ఆ సగాన్ని మనం ఒప్పుకోవాలి. గంటకు వంద కిలోమీటర్ల వేగంతో బండ్లు పోయే రోడ్డు మలుపుకు వ్యాసార్థం 360 మీటర్ల దాకా ఉండాలని ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాలు. ప్రతి ఇంటి ముందూ వంకర తిప్పితే బండి బోల్తా కొడుతుంది. మిగతా సగం అబద్ధం. చేత్తో గీసే రోజుల్లో గీత మార్చాలంటే నెలలు పట్టేది. ఇప్పుడు గీతను యాభై మీటర్లు పక్కకు జరిపితే మట్టి లెక్క, భూమి లెక్క వెంటనే మళ్ళీ వచ్చేస్తాయి. కాబట్టి "మార్చలేం" అనే మాటకు కాలం చెల్లింది. "మార్చం" అనండి, అప్పుడు ఎందుకో అడుగుతాం.

మార్చడం రాదా వీళ్ళకు? 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు గుర్తు తెచ్చుకోండి. పెద్దల భూములు తప్పించడానికి గీత వంకర్లు పోయిందన్న ఆరోపణ అసెంబ్లీ దాకా పోయింది. తరువాత రీజినల్ రింగు రోడ్డు వచ్చింది. ఉప్పల్ నుంచి వరంగల్ బాట పట్టి పోతే భువనగిరి పక్కన రాయగిరి. గీత మార్చమని అడిగిన ఆ ఊరి రైతులను 2023లో బేడీలు వేసి కోర్టుకు తీసుకొచ్చారు. ఒకరు అడిగితే గీత జరుగుతుంది, ఇంకొకరు అడిగితే బేడీలు పడతాయి!

గీత బాగుంటే రోడ్డు బాగుంటుందన్న భరోసా కూడా లేదు. ఉప్పల్–నారపల్లి పైవంతెనకు 2018లో శంకుస్థాపన చేశారు. డిజైను కంప్యూటరులోనే అయింది. ఏళ్ళ తరబడి స్తంభాలు మొండిగా నిలబడ్డాయి, కింద గుంతల్లో బండ్లు పడ్డాయి. డ్యూటీకి సైకిలు మీద, షేరు ఆటోలో పోయేవాళ్ళ నడుములే విరిగాయి.

నీళ్ళ సంగతి ఇంకా ముఖ్యం. 2020 అక్టోబర్ 13 రాత్రి ఘట్‌కేసర్ వైపు 30 సెంటీమీటర్లు దాటిన వాన పడింది. ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ బస్తీల్లోకి నీళ్ళు వచ్చాయి. ప్రతి మరమ్మతుకూ పాత రోడ్డు మీదనే కొత్త పొర పోస్తారు. రోడ్డు లేస్తుంది, పేదోడి గడప కిందికి పోతుంది. ఊళ్ళల్లో అయితే రోడ్డు కట్ట చెరువు కట్టలా అడ్డం పడుతుంది. తూము ఎక్కడ పెట్టాలో నేల ఆకారం చెప్పాలి. పల్లంలో ఉన్నది మన వాడ. అక్కడ పాయింటు వెయ్యలేదు. ఇక తూము ఎక్కడికి వస్తుంది? నీళ్ళు ఎవరి ఇంట్లోకి వస్తాయి? లెక్కల మాస్టారు చెప్పనక్కరలేదు.

అందుకని కంప్యూటర్లు వద్దందామా? అనవద్దు. పట్వారీ సంకలో పహాణీ, టిప్పన్ ఉన్న రోజుల్లో ఏ గీత ఎందుకు జరిగిందో అడిగే దారే లేదు. ఇవాళ తెర మీది గీతను తెరిచి చూడవచ్చు, చూపించమని అడగవచ్చు. 1942 నుంచి 1946 దాకా వైస్రాయ్ కౌన్సిల్లో లేబర్ మెంబరుగా ఉన్న అంబేద్కర్ కార్మికుల పని గంటలు చూశారు, దామోదర్ లోయ పథకం వంటి నీటి ప్రణాళికలూ చూశారు. సాంకేతిక జ్ఞానం మనది కాదని ఆయన ఎన్నడూ అనుకోలేదు. మనమెందుకు అనుకోవాలె?

కార్యకర్తలు ఈ పనులు రాసుకోండి.

ఒకటి. సర్వేవాళ్ళు ఊరికి వస్తే మీరే వాళ్ళను వాడలోకి తీసుకుపోండి. బావి, బొందల గడ్డ, పోచమ్మ గుడి, వాన నీళ్ళు పోయే తోవ, అన్ని చోట్లా కర్ర నిలబెట్టించండి. ఏయే చోట్ల పెట్టారో నోటుబుక్కులో రాసుకోండి.

రెండు. జాతీయ రహదారి అయితే 1956 చట్టం కింద 3ఏ నోటిఫికేషన్ వచ్చిన 21 రోజుల్లోపల అభ్యంతరం రాతపూర్వకంగా ఇవ్వాలి. 3డీ ప్రకటన వచ్చిందంటే భూమి సర్కారుది అయిపోతుంది. 2013 చట్టం కింద సేకరిస్తే 60 రోజుల గడువు. సర్వే నంబర్ల జాబితా పేపర్లో పడ్డ నాడే వాడలో చదివి వినిపించండి.

మూడు. అసైన్డ్ భూమికి నష్టపరిహారం రాదని ఎవరైనా బెదిరిస్తే నమ్మకండి. పట్టా భూమితో సమానంగా ఇవ్వాలని 2004లోనే చేవెళ్ళ డివిజన్ భూసేకరణ కేసులో హైకోర్టు పెద్ద ధర్మాసనం చెప్పింది.

నాలుగు. చదువుకున్న పిల్లలు క్యూజీఐఎస్ నేర్చుకోవాలి. అది ఉచితం. బాలానగర్‌లోని ఎన్‌ఆర్‌ఎస్‌సీ నడిపే భువన్‌లో నేల ఎత్తుల లెక్కలు పైసా లేకుండా దొరుకుతాయి. ముప్పై మీటర్లకు ఒక ఎత్తు ఇచ్చే ఆ లెక్క రోడ్డు కట్టడానికి చాలదు. నీళ్ళు ఏ దిక్కు పోతాయో చూసి ప్రశ్న అడగడానికి చాలు.

చివరికి ఆ పిల్లగాడి సంగతి. నేను వచ్చేటప్పుడు, "నాకు కొలువు పోతదేమో సార్" అన్నాడు. ఆ భయం చిన్నది కాదు. వాడి నెల జీతం మీద ఐదు నోళ్ళున్నాయి. వాడిని దొంగతనంగా గీత జరపమని మనం అడగడం లేదు. ఆ భారం వాడొక్కడి మీద వెయ్యడం న్యాయం కాదు. వాడ తరఫున మనం కాగితం పెడితే, మళ్ళీ సర్వే చెయ్యక తప్పని రోజు వాడి చెయ్యి భయం లేకుండా ఆ పాయింటు వేస్తుంది. కాగితం పెట్టే పని మనది.

మన వాడ ఖాళీ జాగ కాదు. వచ్చి కొలవండి!

జై భీం.