వంటగట్టు రాయి – కోయువాని ఊపిరి

దిల్‌సుఖ్‌నగరు మొదలుకొని ఎల్.బి. నగరు దాటి, విజయవాడ, సాగరు రహదారుల పొడవున లేచిన మేడలలో గ్రానైటు గట్టు లేని వంటిల్లు నేడు అరుదు. తాండూరు నాపరాయియు, కడప నల్లబండయు వెనుకబడినవి. ఈ మార్పు సహేతుకమే. అవి సున్నపుజాతి రాళ్లు. చింతపులుసో, నిమ్మరసమో నిలిచినచోట వాని మెరుగు చెడును. పులుపు లేనిదే పూట గడవని మన వంటకు గ్రానైటు తగినది. అయితే దానిని కొనుటలో మన గృహస్థుల శ్రద్ధయంతయు చదరపుటడుగు ధర యొద్దనే నిలిచిపోవుచున్నది. ఇది చాలదని మా అభిప్రాయము.

ఈ రాతికొరకు పరదేశముల పేర్లు వెదుకనక్కర లేదు. ప్రకాశము జిల్లా చీమకుర్తిలో పుట్టు బంగరుచుక్కల నల్లరాయియు, కరీంనగరు ప్రాంతపు గోధుమవన్నె రాయియు ప్రపంచ విపణిలో పేరు గాంచినవే. గోలకొండ కోట నిలిచినది సుమారు 250 కోట్ల ఏండ్ల ప్రాయముగల శిలపైననే. కావున పేరును గాక రాతిని చూచి కొనవలయును. పలకను వెలుతురున నిలిపి పగుళ్లను, జిగురుతో పూడ్చిన జాడలను పరికింపుడు. దళసరి అంతటను సమముగా నున్నదా కొలువుడు. నాలుగు నీటిబొట్లు వేసి పావుగంట ఆగుడు. రాయి నల్లబడినచో నీటిని పీల్చునదని యెరుగుడు. తెల్లగుడ్డను ఎసిటోనులో తడిపి నల్లరాతిపై రుద్దినప్పుడు రంగు అంటినచో అది అద్దిన రంగే. కొలత, దళసరి, అంచు మెరుగుకూలి, సింకు కంతకూలి వేరువేరుగా రసీదుపై వ్రాయించుకొనుడు. నోటిమాట వివాదమున నిలువదు.

కొన్న పిమ్మట పోషణ సులభము. మెత్తని గుడ్డతో, గాఢతలేని సబ్బునీటితో తుడిచిన చాలును. మరుగుదొడ్డి కడుగు ఆమ్లమును దానిపై వాడరాదు. నూనెమరక పట్టినచో తినుసోడా ముద్దను రాత్రియంతయు కప్పియుంచి యుదయమున తుడువవలయును. పొయ్యినుండి దింపిన మూకుడును తడిరాతిపై పెట్టక, క్రింద పీట యుంచుట మేలు. లేతవన్నె రాళ్లకు అప్పుడప్పుడు నీరు చొరకుండ కాపాడు పూత వేయించవలయును.

ఇంతవరకు మన లాభమును గూర్చినది. కోయువాని మాట యేమి? నిజమైన గ్రానైటునందు స్ఫటికము సామాన్యముగా నూటికి 20 పాళ్లకు పైబడియుండును. మేడ వసారాలో కూర్చుండి, చేతియంత్రముతో పొడిగా సింకు కంత కోయు పనివాడు ఆ ధూళిని పీల్చుచున్నాడు. ముఖమునకు చుట్టిన తుండుగుడ్డ దానిని ఆపజాలదు. ఏండ్లు గడచిన కొలది ఊపిరితిత్తులు బిరుసెక్కును. సిలికోసిస్ అను నీ వ్యాధి నివారింపదగినదే కాని నయము కాదు. 1948 నాటి ఫ్యాక్టరీల చట్టము దీనిని అధికారులకు తప్పక తెలుపవలసిన వ్యాధులలో చేర్చెను. కాని మన వసారా ఫ్యాక్టరీ కాదు; అచ్చట పనివానిని విచారించు అధికారి లేడు. క్వార్ట్జు పేరుతో అమ్ముడగు కృత్రిమశిలలో స్ఫటికము నూటికి 90 పాళ్ల వరకు నుండును. అట్టి పలకలను ఆస్ట్రేలియా దేశము 2024 జులై 1 నుండి నిషేధించినది. అచ్చటి పనివాని ఊపిరికి గల విలువ ఇచ్చటివానికి లేదా?

పరిహారము మన చేతిలోనే యున్నది. సింకు, పొయ్యి కొలతలను ముందుగా నిచ్చి, కంతలును అంచులును అంగడి కార్ఖానాయందే నీటియంత్రముతో కోయింపవలయును. ఇంట అమర్చు పని మాత్రమే జరుగవలయును. పొడికోత తమ ప్రాంగణమున కూడదని అపార్టుమెంటు సంఘములు తీర్మానింపవలయును. దానికి మరికొంత కూలి యగునేని ఆ కూలియొద్ద బేరమాడుట మనకు తగదు.

స్వదేశి వస్తువును కొనుడని పెద్దలు బోధించినప్పుడు, వస్తువును మాత్రమే గాక దానిని చేసిన చేతులనుగూడ తలపుమనియే వారి భావము. మన నేలలో పుట్టిన రాయి మనవాని ఊపిరిని హరించి మన వంటింట మెరయుచున్నచో అది స్వదేశి యెట్లగును? రాయి తరతరములు నిలుచును. దానిని కోసినవాడు తన బిడ్డల పెండ్లిండ్లవరకైనను నిలువవలదా?