వేలికి అందని దుకాణం

ట్యాబ్ అనే వస్తువు మన ఇళ్లలోకి పెద్ద హడావిడి లేకుండానే వచ్చేసింది. 2020లో కరోనాతో బళ్లు మూతపడ్డప్పుడు ఆన్‌లైన్ క్లాసుల కోసమని అప్పో సప్పో చేసి కొన్నవాళ్లున్నారు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బళ్లలో ఎనిమిదో తరగతి పిల్లలకూ, టీచర్లకూ కలిపి ఐదు లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచింది. మా వీధిలో అప్పుడు కొన్న పిల్లలంతా ఫోన్లకు ఎదిగిపోయారు. ట్యాబ్ ఇంట్లో మిగిలింది. ఇప్పుడది ఎవరి చేతిలో ఉంటోందో గమనించారా? పొద్దున అత్తగారు ప్రవచనం వింటారు. పది గంటలకు మనం దాన్ని పోపుల డబ్బాకి ఆనించి వంట చూసుకుంటాం. మధ్యాహ్నం కాస్త నడుం వాల్చి చీరలు చూస్తాం. ఫోన్లో చీర అంచు సరిగ్గా కనపడదు, కంప్యూటరేమో మగవాళ్ల బల్లమీద ఉంటుంది. తీరిగ్గా చూసి, పక్కవాళ్లకి చూపించి కొనడానికి ట్యాబే హాయి.

మరి మనకు సరుకు అమ్మాలనుకునే వెబ్‌సైట్లు ఈ సంగతి పట్టించుకుంటున్నాయా అంటే, చాలావరకు లేదనే చెప్పాలి.

మా తోటికోడలు మంగళగిరి చీరలు అమ్ముతుంది. ముందుగదే దుకాణం. చీటీ పాడిన డబ్బు పెట్టి వెబ్‌సైటు చేయించుకుంది. ఫోన్లో బాగుంది. చేసిన కుర్రాడి కంప్యూటర్లో ఇంకా బాగుంది. మా ఆడపడుచు అమెరికా నుంచి తెచ్చిచ్చిన ఐప్యాడ్‌లో మా అత్తయ్యగారు ముచ్చటపడి తెరిచారు. పైన 'చీరలు' అన్నచోట వేలు పెడితే కింద జాబితా మెరుపులా కనిపించి మాయమైంది. మళ్లీ తాకితే ఇంకేదో పేజీ వచ్చింది. "నాకీ మిషన్లు చేతకావే అమ్మాయ్" అని పక్కన పెట్టేశారు.

ఆ మాట దగ్గరే నాకు పేచీ. గ్యాసు స్టవ్వు నుంచి ఇన్వర్టర్ దాకా ప్రతి కొత్త వస్తువునూ నేర్చుకుని సంసారం నడిపిన మనిషి, ఒక సైటు తెరుచుకోకపోతే తనకే రాదనుకోవడం ఏమిటి? కంప్యూటర్‌కి మౌస్ ఉంటుంది. దాని బాణాన్ని ఒక మాట మీద ఊరికే నిలిపితే చాలు, జాబితా తెరుచుకుంటుంది. చీర బొమ్మ మీద నిలిపితే నేత పెద్దదిగా కనిపిస్తుంది. వేలికి ఆ 'ఊరికే నిలపడం' లేదు. తాకిందా, తాకలేదా, అంతే! మౌస్ కోసం అల్లిన మెనూని వేలికి అప్పజెప్పి, రాకపోతే వేలిదే తప్పంటే ఎలా?

ఇదేమీ కొత్తగా కనిపెట్టాల్సిన విద్య కాదు. ఐప్యాడ్ 2010 ఏప్రిల్‌లో అమ్మకానికి వచ్చింది. మరుసటి నెలలోనే ఈథన్ మార్కాట్ అనే డిజైనర్ ఒక వ్యాసం రాసి, తెర ఎంత వెడల్పుంటే అంతకు తగ్గట్టు సర్దుకునే పద్ధతికి 'రెస్పాన్సివ్ వెబ్ డిజైన్' అని పేరు పెట్టాడు. మన భాషలో చెప్పుకోవాలంటే అది చీర లాంటిది. సన్నగా ఉన్నవాళ్లకి కుచ్చిళ్లు నాలుగు ఎక్కువొస్తాయి, ఒళ్లున్నవాళ్లకి తగ్గుతాయి, చీర మాత్రం అదే. మనకి అమ్ముతున్న సైట్లు కుట్టించిన జాకెట్లు. ఫోన్‌కి ఒకటి, కంప్యూటర్‌కి ఒకటి. మధ్యలో ఉన్న ట్యాబ్‌కి ఒకటి బిగుతు, ఒకటి వదులు.

ఎందుకిలా అయింది? గూగుల్ 2015 ఏప్రిల్ 21 నుంచి, ఫోన్లో వెతికేవాళ్లకి ఫోన్లో చక్కగా కనపడే పేజీలను ముందు చూపిస్తానంది. ట్యాబ్‌లో వెతికితే ఈ మార్పు వర్తించదని కూడా అప్పుడే చెప్పింది. ఇంకేం, వ్యాపారులంతా ఫోన్ వైపు పరుగెత్తారు. తర్వాత 2019లో ఆపిల్ ఐప్యాడ్‌కి వేరే సాఫ్ట్‌వేర్ ఇచ్చింది. అప్పటినుంచి దాని సఫారీ బ్రౌజర్, మనం మార్చకపోతే, సైటును "కంప్యూటర్‌కి చూపించేదే నాకూ చూపించు" అని అడుగుతుంది. పెద్ద తెర కాబట్టి మంచి ఉద్దేశమే. కాకపోతే మౌస్ మెనూ వచ్చి సరాసరి వేలి కింద పడింది.

బటన్ల సైజు ఇంకో బాధ. ఆండ్రాయిడ్‌కి గూగుల్ చెప్పిన కొలత ప్రకారం తాకే చోటు అడ్డం నిలువూ సుమారు 9 మిల్లీమీటర్లుండాలి. మా తోటికోడలి సైటులో బుట్టలోంచి చీర తీసేసే గుర్తు ఆవగింజంత. దాని పక్కనే ఇంకొకటి చేర్చే గుర్తు!

అన్నిటికన్నా నష్టం డబ్బు కట్టేచోట. ఇంట్లో ట్యాబ్‌లు చాలావాటికి సిమ్ ఉండదు, వైఫై ఒక్కటే. యూపీఐ యాప్ మన బ్యాంకు నంబరున్న సిమ్‌తో ముడిపడి ఉంటుంది కాబట్టి అది ఫోన్లోనే. సైటేమో ట్యాబ్‌ని పెద్ద ఫోన్ అనుకుని 'మీ యాప్ తెరవండి' అంటుంది. లేని యాప్ ఎక్కడ తెరుస్తాం? అక్కడే ఒక క్యూఆర్ కోడ్ చూపిస్తే పక్కనున్న ఫోన్‌తో స్కాన్ చేసి కట్టేస్తాం. 'కాల్ చేయండి' బటనూ అంతే. సిమ్ లేని ట్యాబ్‌లో నొక్కితే ఉలుకూ పలుకూ ఉండదు. నంబరు అంకెల్లో రాసి పెడితే ఫోన్ తీసి చేసుకుంటాం కదా. అరగంట చూసి నచ్చిన చీర ఎంచుకున్న మనిషి, ఇంత చిన్న విషయానికి వెనక్కి పోతోంది. ఆమె పోయిందని అమ్మేవాళ్లకి తెలియను కూడా తెలియదు. కొట్టుకొచ్చి తిరిగిపోతే మొహమైనా కనిపించేది.

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఒక తీర్పు ఇచ్చింది. యాసిడ్ దాడికి గురైనవాళ్లు, చూపులేనివాళ్లు బ్యాంకులాంటి చోట్ల ఆన్‌లైన్ కేవైసీ చేయించుకోలేకపోతున్నారని, కెమెరా ముందు కన్ను ఆర్పి చూపించమంటే వాళ్లేం చేయగలరని వేసిన కేసు అది. డిజిటల్ సౌకర్యం అందుకోవడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని కోర్టు తేల్చింది. చీరల సైటుకీ ఆ తీర్పు వర్తిస్తుందని నేననడం లేదు. ఆ బాధకూ మన చిరాకుకూ పోలికే లేదు. కానీ అందరి కళ్లూ, అందరి వేళ్లూ తనవిలాగే ఉంటాయనుకుని తయారుచేసేవాడి అలవాటు మాత్రం రెండుచోట్లా ఒకటే.

పచ్చళ్లో, బ్లౌజులో, పొడులో అమ్ముతూ సైటు చేయించుకుంటున్న అక్కచెల్లెళ్లకు చెప్పేదొకటే. మొత్తం డబ్బు ముందే ఇచ్చేయకండి. ఇంట్లో ట్యాబ్ ఇచ్చి, ఆ సైటు ఎప్పుడూ చూడని మనిషిని కూర్చోబెట్టండి. నిలువుగా పట్టుకుని ఒకసారి, అడ్డంగా తిప్పి ఒకసారి, మీ సరుకే ఒకటి కొని చూపించమనండి. తిప్పగానే అప్పటిదాకా నింపిన అడ్రసు చెరిగిపోతోందా? కీబోర్డు పైకొచ్చి 'ఆర్డర్' బటన్‌ని కప్పేస్తోందా? మధ్యలో మీరు నోరెత్తకండి. ఆవిడ ఎక్కడ ఆగితే అక్కడ కాగితం మీద రాసుకోండి. ఆ కాగితం చేసినవాళ్లకిచ్చి, ఇవన్నీ అయ్యాకే బాకీ అనండి.

మా తోటికోడలు అలా బాకీ పట్టి ఉంచే అవకాశం లేకుండా అంతా ముందే కట్టేసింది. అందుకని ఇప్పుడు బతిమాలి చేయించుకుంటోంది. క్యూఆర్ కోడ్ వచ్చింది, నంబరు అంకెల్లో పడింది. మెనూకి మాత్రం మళ్లీ డబ్బు అడుగుతున్నాడట. బేరం నడుస్తోంది.