నీటి తగాదా కాదు, వివక్ష అని రాయండి

కాలువ చివరి పొలానికి నీళ్లు పోకుండా తూము దగ్గర అడ్డేస్తారు. పొలం ఎస్సీ రైతుది, అడ్డేసినవాళ్లు ఊళ్లో పెత్తనం ఉన్న కులంవాళ్లు. ఆ రైతు సోమవారం అర్జీ పట్టుకుని ఆఫీసుకు పోతే ఆపరేటర్ రెండు లైన్లు చదివి "నీటిపారుదల" పద్దు కింద ఎక్కిస్తాడు. అర్జీ ఇరిగేషన్ వాళ్లకు పోతుంది. తూము బాగానే ఉందని వాళ్లు రాసేస్తారు. కొన్నాళ్లకు రైతు ఫోన్‌కు "మీ అర్జీ పరిష్కరించబడింది" అని మెసేజ్ వస్తుంది. మెసేజ్ వచ్చింది గానీ నీళ్లు రాలేదు.

ఇలాంటి అర్జీలు మన సంఘం దగ్గర చాలానే ఉన్నాయి. ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. ఆయన ముందున్న పద్దుల్లో వివక్ష అనే మాటే లేకపోతే ఆయన మాత్రం ఎక్కడ రాస్తాడు?

చట్టం మాత్రం దీన్ని నీటి తగాదాగా చూడదు. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టానికి చేసిన సవరణలు 2016 జనవరి 26 నుంచి అమల్లో ఉన్నాయి. వాటి ప్రకారం ఎస్సీ, ఎస్టీల భూమి లాక్కోవడమే కాదు, వాళ్ల సాగునీటికి, అటవీ హక్కులకు అడ్డుపడటం, పంట పాడుచేయడం కూడా నేరమే. బాధితుడు నోటితో చెప్పింది స్టేషన్ అధికారి రాసుకుంటే, సంతకం తీసుకునే ముందు చదివి వినిపించాలి, వెంటనే నకలు ఇవ్వాలి. స్టేషన్‌కు పెట్టిన ఈ నియమం అర్జీలు తీసుకునే ప్రతి బల్ల దగ్గరా ఎందుకు ఉండకూడదు?

2021 డిసెంబరులో కేంద్రం 14566 హెల్ప్‌లైన్ పెట్టింది. ఫిర్యాదుకు నంబరు ఇస్తారు, ఎంతవరకు వచ్చిందో చూసుకోవచ్చు. మంచిదే. కానీ ఒకే రైతు ఫోన్‌లో ఒకసారి, సోమవారం ఒకసారి, స్టేషన్‌లో ఒకసారి చెప్పుకుంటే మూడు నంబర్లు పడతాయి. వాటిని కలిపి చూసేవాళ్లు లేకపోతే ఒక్క గోడు మూడు పరిష్కారాలుగా లెక్కకెక్కుతుంది. కలెక్టర్ అధ్యక్షతన జిల్లా విజిలెన్స్, మానిటరింగ్ కమిటీ మూడు నెలలకోసారైనా కూర్చోవాలి. ఇరిగేషన్ పద్దులో పడ్డ అర్జీ ఆ కమిటీ ముందుకు ఎలా వస్తుంది?

రికార్డు లేకపోతే ఏమవుతుందో అమెరికాలోని నల్లజాతి రైతులు చూశారు. అప్పులివ్వడంలో వ్యవసాయ శాఖ వివక్ష చూపుతోందని ఏళ్ల తరబడి మొత్తుకున్నారు. 1980ల్లో ఆ శాఖలో ఫిర్యాదుల విచారణే మూలనపడింది. 1997లో పిగ్‌ఫోర్డ్ అనే రైతు, తోటి రైతులు కోర్టుకు వెళ్లారు. 1999లో రాజీ కుదిరింది. అయితే పరిహారం కావాలంటే 1981 జనవరి 1 నుంచి 1997 జులై 1 లోపు ఫిర్యాదు చేసి ఉండాలన్నారు. విచారణే లేని ఫిర్యాదుకు రుజువు ఎక్కడి నుంచి తేవాలి? గడువు దాటాక వచ్చారని వేలాది మందిని వెనక్కి పంపారు. వాళ్లకోసం 2010లో మళ్లీ ఒప్పందం చేయాల్సి వచ్చింది. ఈ మధ్యలో 2008లో అక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థే ఆ శాఖ ఫిర్యాదుల లెక్కలు నమ్మేలా లేవని తప్పుపట్టింది.

మనం అడిగేది కొత్త యాప్ కాదు. అర్జీ నమోదులో కుల వివక్షకు వేరే పద్దు ఉండాలి. రాసింది రైతుకు చదివి వినిపించి, తేదీ వేసిన నకలు చేతికివ్వాలి. ఒకే విషయంపై వచ్చిన నంబర్లను కలపాలి. మహిళా రైతు అర్జీ ఇస్తే ఆమె పేరే రాయాలి, పాస్‌బుక్ భర్త పేరున ఉన్నా సరే. అన్నిటికన్నా ముఖ్యం, అర్జీదారు సంతకం లేకుండా "పరిష్కారం" అని మూయకూడదు. ఆమె గానీ అతను గానీ ఒప్పుకోకపోతే ఆ మాట కూడా రికార్డులో ఉండాలి.

గ్రామ శాఖలు వచ్చే మండల సమావేశానికి ఊరి అర్జీల రసీదులన్నీ తేవాలి. ప్రతి దాని పక్కన ఏ పద్దులో రాశారో, ఏ రోజు మూశారో, మూసే ముందు పొలం దగ్గరికి ఎవరైనా వచ్చారో లేదో రాసి తెండి. ఆ జాబితాతోనే కలెక్టర్‌ను కలుద్దాం.